నాలుగు పేజీల డ్రగ్ చార్ట్: లోపలి పేజీలు బాగున్నాయి, వెనక పేజీ మార్పించాకే కొనండి

హన్మకొండ, వరంగల్‌లో హాస్పిటల్ స్టేషనరీ వేసే ప్రెస్సులకు వెళ్లి ఇన్‌పేషెంట్ మందుల కాగితం కావాలంటే రెండు రకాలు తీసి చూపిస్తారు. ఒకటి కేస్ షీట్ కట్టలో వచ్చే ఒంటి పేజీ ట్రీట్‌మెంట్ షీట్. రెండోది ఏ3 కాగితాన్ని మధ్యకు మడిచిన నాలుగు పేజీల డ్రగ్ చార్ట్, ఏడు రోజులకు సరిపోయేది. పైన హాస్పిటల్ పేరు మార్చి అదే అచ్చును నర్సంపేట నుంచి భూపాలపల్లి దాకా చిన్న నర్సింగ్ హోములకు వేసిస్తుంటారు. ఈ సమీక్ష ఆ రెండో దాని మీద. పది ఇరవై పడకలున్న చోట మందు ఆర్డరు రాసే డాక్టరుకూ, ఇచ్చే సిస్టరుకూ మధ్య ఉండేది ఈ ఒక్క కాగితమే. క్లినికల్ ఫార్మసిస్టు ఉండడు, కంప్యూటర్ ఆర్డర్లు ఉండవు. కాబట్టి కాగితం మీద గడి ఎక్కడుంది, ఎంతుంది అన్నది చిన్న విషయం కాదు.

ముందే తీర్పు: ఉన్నది ఉన్నట్టు కొంటే 5కి 3. కింద చెప్పే మార్పులు చేయించి వేయిస్తే 4. ఒంటి పేజీ షీటుకు మాత్రం 1 కూడా ఎక్కువే.

ఒంటి పేజీ షీటు ఎందుకు వద్దు

అందులో మందు పేరు, డోసు, రూటు (మందు ఇచ్చే మార్గం), ఎన్నిసార్లు అన్నీ ఒకే వరుసలో రాయాలి. పేరు, డోసు అతుక్కుపోవడం అక్కడే మొదలవుతుంది. ఇండెరాల్ అన్న మందు పేరు ఇంగ్లీషులో ఎల్ అక్షరంతో ముగుస్తుంది. పక్కనే ఖాళీ వదలకుండా 40 రాస్తే, రాత్రి డ్యూటీలో చదివే కంటికి అది 140. నాలుగు పేజీల చార్టులో మందుకు ఒక గడి, డోసుకు ఒక గడి, యూనిట్‌కు ఒక గడి విడివిడిగా ఉన్నాయి. ఈ ఒక్క కారణంతోనే దాన్ని ఎంచుకోవచ్చు.

ఇంకో ఇబ్బంది: ఒంటి పేజీలో రోజూ ఆర్డర్లు కొత్తగా రాయాలి. డాక్టర్‌కు తీరిక ఉండదు, ‘సీఎస్‌టీ’ అని మూడక్షరాలు గీసి వెళ్తారు. అంటే నిన్నటి చికిత్సే కొనసాగించమని. నిన్న స్టాట్‌గా, అంటే వెంటనే అని, ఒక్కసారి ఇచ్చిన లాసిక్స్ కూడా కొనసాగాలా? మూడు రోజులకని మొదలుపెట్టిన యాంటీబయాటిక్ అయిదో రోజూ నడవాలా? నిన్న సాయంత్రం ఫోన్లో ఆపమన్నది లెక్కలోకి వస్తుందా? సీఎస్‌టీ వీటిలో దేనికీ జవాబివ్వదు. ‘రిపీట్ ఆల్’ కూడా అదే బాపతు. ఏడు రోజుల చార్టులో ఒకసారి రాసిన మందు గీత కొట్టేదాకా నడుస్తుంది, ప్రతి మందుకూ ‘ఆపిన తేదీ, సంతకం’ అని చివర గడి ఉంది. సీఎస్‌టీ రాయాల్సిన అవసరమే రాదు. ఎనిమిదో రోజున కొత్త చార్టులోకి మందులు ఎక్కించే పని మాత్రం డాక్టరే చేయాలి. చాలాచోట్ల సిస్టర్లతో రాయిస్తారు, అది తప్పు. పాత కాగితం నుంచి కొత్త కాగితానికి ఎత్తి రాసేటప్పుడే డోసు మారేది.

మొదటి పేజీ

పేరు, వయసు, ఐపీ నంబరు, పడక నంబరు వరకు బాగానే ఉంది. అలర్జీ గడి మాత్రం పేజీ అడుగున, నల్ల సిరాలో, ఒక్క గీత. ఖాళీగా ఉంటే రెండు అర్థాలు వస్తాయి: అలర్జీ లేదు, లేదా ఎవరూ అడగలేదు. ఈ రెండింటికీ ప్రాణమంత తేడా ఉంది. ‘తెలిసిన అలర్జీ లేదు’ అని ఒక టిక్ గడి, ‘ఉంది, ఏ మందుకు, ఏమైంది’ అని ఇంకో గడి ఉండాలి. అడిగినవారి సంతకం ఉండాలి. ఇది ఎర్ర అచ్చులో పేజీ పైన ఎడమ మూలకు రావాలి, లోపల పేజీలు తెరిచినప్పుడూ కనపడేలా అక్కడా మళ్లీ రావాలి. రెండు రంగుల అచ్చుకు ప్రెస్సువాళ్లు కాస్త ఎక్కువ అడుగుతారు. ఇవ్వండి.

బరువుకు గీత ఉంది, తేదీ లేదు. పిల్లల వార్డుకు ఇది చాలదు. పది కిలోల పిల్లకు పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున 150 మి.గ్రా. అనుకుందాం. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 6 మి.లీ., 250 ఉన్నదైతే 3 మి.లీ., మి.లీ.కి 100 మి.గ్రా. ఉండే డ్రాప్స్ అయితే ఒకటిన్నర మి.లీ. ఆర్డరులో ‘పారాసిటమాల్ 6 మి.లీ.’ అని మాత్రమే రాసి, మెడికల్ షాపులో డ్రాప్స్ ఇచ్చి పంపితే పిల్లకు 600 మి.గ్రా. పడుతుంది. అందుకే డోసు గడి పక్కనే ‘మి.గ్రా.లో రాయాలి, మి.లీ. మాత్రమే రాయకూడదు’ అన్న చిన్న అచ్చు కావాలి. ఈ చార్టులో లేదు.

డోసు గడి, యూనిట్ గడి

విడి గడులు ఉన్నాయన్నది మంచి విషయమని చెప్పాం. కానీ యూనిట్ గడి ఖాళీ గడి. అందులో ఇంగ్లీషు యూ అక్షరం ఒక్కటి రాస్తారు. ఇన్సులిన్ 10 పక్కన ఆ యూ కొంచెం మూతి మూసుకుంటే సున్నా అయిపోతుంది, 10 కాస్తా 100. హెపారిన్ 5000 కూడా అంతే, 50,000 అవుతుంది. ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) అని రాస్తే ఐవీ (నరంలోకి) లాగానో 10 లాగానో కనపడుతుంది. అమెరికాలో హాస్పిటళ్లకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ వాడకూడదని 2004లో ప్రకటించిన పొట్టి రాతల జాబితాలో ఇవి ముందు వరుసలో ఉన్నవే. పరిష్కారం తేలిక: యూనిట్ గడిలో ‘మిల్లీగ్రాములు / గ్రాములు / మైక్రోగ్రాములు / యూనిట్లు / మిల్లీఈక్వివలెంట్లు’ అని పూర్తి మాటలు ముందే అచ్చువేసి, ఒకదానికి సున్నా చుట్టమనాలి. చేత్తో రాసే పనే ఉండదు. మైక్రోగ్రాముకు వాడే గ్రీకు గుర్తు మిల్లీ ఎం లాగా కనపడి వెయ్యి రెట్లు తేడా తెస్తుంది, దాన్ని అచ్చులోకి రానివ్వకండి.

దశాంశ చుక్క సంగతి. ఈ జిల్లాల్లో పత్తి చేలల్లో మందు కొట్టే కాలంలో పురుగుమందు కేసులు ఎన్నొస్తాయో క్యాజువాలిటీలో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వాటికి ఇచ్చే విరుగుడు అట్రోపిన్ ఒక ఆంపుల్ 1 మి.లీ., అందులో 0.6 మి.గ్రా. ముందు సున్నా లేకుండా చుక్క పెట్టి 6 అని రాస్తే, చుక్క పాలిపోయిన కాగితంలో కలిసిపోయి 6 మిగులుతుంది, పది ఆంపుల్స్. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు కేసులో పది ఆంపుల్స్ అడగడం నమ్మశక్యం కాని విషయమేమీ కాదు, కాబట్టి సిస్టరుకు అనుమానం కూడా రాదు. అసలు ప్రమాదం అదే. తిరగేసి చూస్తే, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆసిట్రోమ్ 1 మి.గ్రా.ను 1.0 అని రాస్తే 10 అవుతుంది. చుక్కకు ముందు సున్నా తప్పక ఉండాలి, పూర్ణ సంఖ్య తర్వాత చుక్కా సున్నా ఉండకూడదు. డోసు గడి కింద ఈ ఒక్క వాక్యం అచ్చువేయించండి.

‘2 ఆంపుల్స్’, ‘1 వయల్’ అని రాయడం ఇక్కడ బాగా అలవాటు. డైక్లోఫెనాక్ 75 మి.గ్రా. 1 మి.లీ. ఆంపుల్‌గానూ వస్తుంది, 3 మి.లీ. ఆంపుల్‌గానూ వస్తుంది. రెండింటి తయారీ వేరు, ఏ రూటులో ఇవ్వొచ్చన్నది లేబుల్ చూసి తేల్చుకోవాలి. హెపారిన్ వయల్ మి.లీ.కి 1000 యూనిట్లదీ ఉంటుంది, 5000 యూనిట్లదీ ఉంటుంది. ‘1 మి.లీ. హెపారిన్’ అంటే ఏది?

ఇన్సులిన్‌కు ఈ చార్టులో వేరే పేజీ లేదు. ఉండి తీరాలి. మన దగ్గర వయల్స్ ఎక్కువగా యూ-40, అంటే మి.లీ.కి 40 యూనిట్లు. పెన్నుల కార్ట్రిడ్జ్‌లు, కొన్ని వయల్స్ యూ-100. సిరంజిలూ రెండు రకాలు: ఎర్ర మూత 40ది, నారింజ మూత 100ది. యూ-40 ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజిలో 40 గీత దాకా తీస్తే అసలు పడేది 16 యూనిట్లే. యూ-100ను ఎర్ర మూత సిరంజిలో 40 గీత దాకా తీస్తే 100 యూనిట్లు, రెండున్నర రెట్లు. ఇన్సులిన్ పేజీలో డోసుతో పాటు ‘వయల్ 40 / 100’, ‘సిరంజి 40 / 100’ అని సున్నా చుట్టే గడులు, పక్కనే ఇచ్చేముందు చూసిన షుగర్, ఇద్దరు సిస్టర్ల సంతకం ఉంటే ఈ తప్పు సగం అక్కడే ఆగుతుంది.

రూటు గడి: ఈ చార్టులో బలహీనమైన చోటు

అచ్చులో నాలుగు రూట్లు ఉన్నాయి: ఐవీ (నరంలోకి), ఐఎం (కండరంలోకి), ఎస్‌సీ (చర్మం కిందికి), పీఓ (నోటితో). మిగతావన్నీ ‘ఇతర’ అన్న గడిలో చేత్తో రాయాలి. నాలుక కింద పెట్టేదానికి ఎస్‌ఎల్ అని రాస్తే అది ఎస్‌సీ లాగా, ఎస్‌సీ అని రాస్తే ఎస్‌ఎల్ లాగా కనపడుతుంది. ముక్కులో వేసే ఇంట్రానేసల్‌కు ఐఎన్ అని రాస్తే ఐఎం లాగా. ఇంట్రాడెర్మల్ (చర్మంలోకి), రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం), నెబ్యులైజర్, మలద్వారం, కన్ను, చెవి, పైపూత అన్నిటికీ పూర్తి మాటల్లో గడులు కావాలి. చోటు సరిపోదని ప్రెస్సువాళ్లు అంటారు. గడి వెడల్పు పెంచి, ఒక పేజీలో మందుల వరుసలు పన్నెండు నుంచి ఎనిమిదికి తగ్గించమనండి.

పీఓ అన్న టిక్ కూడా రైల్స్ ట్యూబ్ పేషెంటుకు అబద్ధమే. ట్యూబులో వేయాలంటే గోలీ నూరాలి, నూరకూడని గోలీలు ఉన్నాయి: ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్ అని పేరు చివర ఉన్నవి, కడుపులో కరగకుండా పైపూత వేసినవి. నూరితే రోజంతా మెల్లగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారిగా పడుతుంది. రూటు గడిలో రైల్స్ ట్యూబ్ అని విడిగా ఉంటే సిస్టరు చేయి అక్కడ ఒక క్షణం ఆగి డాక్టరును అడుగుతుంది.

అన్నిటికన్నా పెద్ద లోటు ఐవీ అన్న ఒక్క టిక్‌లో ఉంది. ఐవీ అంటే నేరుగా తోయడమా, మెల్లగా తోయడమా, సెలైన్‌లో కలిపి ఎక్కించడమా? కొన్ని మందులకు ఈ తేడానే ప్రాణం. పొటాషియం క్లోరైడ్ 10 మి.లీ. ఆంపుల్‌లో 20 మి.ఈక్వి. ఉంటుంది. దాన్ని ఎప్పుడూ నేరుగా తోయకూడదు, గుండె అక్కడికక్కడే ఆగుతుంది. చేతి నరంలో ఎక్కించేటప్పుడు లీటరుకు 40 మి.ఈక్వి. దాటకుండా కలిపి, మామూలుగా గంటకు 10 మి.ఈక్వి. మించకుండా ఇస్తారు. వాంకోమైసిన్ 1 గ్రాము కనీసం గంట పట్టాలి, తొందరపడితే మెడ, ముఖం ఎర్రబారి బీపీ పడిపోతుంది. ఫెనిటాయిన్ నార్మల్ సెలైన్‌లోనే కలపాలి. డెక్స్‌ట్రోజ్‌లో కలిపితే గడ్డకట్టి అడుగున చేరుతుంది. పెద్దవాళ్లకు నిమిషానికి 50 మి.గ్రా. దాటకూడదు. పాంటోప్రజోల్ 40 మి.గ్రా. 10 మి.లీ. సెలైన్‌లో కలిపి కనీసం రెండు నిమిషాలు. సెఫ్‌ట్రియాక్సోన్ రింగర్ లాక్టేట్ నడుస్తున్న లైన్లోకి వెళ్లకూడదు, అందులో కాల్షియం ఉంటుంది. అదే సెఫ్‌ట్రియాక్సోన్ కండరానికి ఇవ్వడానికి లిగ్నోకైన్‌తో కలిపారా, ఆ సిరంజి ఎట్టి పరిస్థితిలోనూ నరంలోకి వెళ్లకూడదు. బెంజథీన్ పెనిసిలిన్ లోతైన కండరంలోకే, నరంలోకి ఎప్పుడూ కాదు.

కాబట్టి ఐవీ గడిని మూడుగా చీల్చండి: ‘ఐవీ నేరుగా’, ‘ఐవీ మెల్లగా, __ నిమిషాలు’, ‘ఐవీ ఇన్‌ఫ్యూజన్: __లో కలిపి, __ మి.లీ., __ గంటలు’. ఇన్‌ఫ్యూజన్ గడిలో చుక్కల లెక్క కూడా రాస్తే రాత్రి పూట పని తేలిక. మామూలు డ్రిప్ సెట్ మి.లీ.కి 20 చుక్కలు, మైక్రో సెట్ 60. 500 మి.లీ. నాలుగు గంటల్లో అయితే 500ను 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 42 చుక్కలు దాకా. అదే చుక్కల లెక్కను మైక్రో సెట్‌కు పెడితే నాలుగు గంటలది పన్నెండు గంటలు పడుతుంది. సెట్ ఏదో కూడా రాయాలన్నది అందుకే.

గర్భిణుల్లో బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కు ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ సంగతి ప్రసూతి వార్డు ఉన్నవాళ్లు విడిగా ఆలోచించాలి. మన దగ్గర 50 శాతం ఆంపుల్ 2 మి.లీ., అందులో 1 గ్రాము. ప్రిచర్డ్ పద్ధతిలో మొదట నరంలోకి 4 గ్రాములు, 20 శాతంగా పలుచన చేసి: నాలుగు ఆంపుల్స్ అంటే 8 మి.లీ., దానికి 12 మి.లీ. కలిపితే 20 మి.లీ. కనీసం అయిదు నిమిషాలు పట్టేలా మెల్లగా. ఆ వెంటనే పిరుదుకు 5 గ్రాముల చొప్పున రెండు వైపులా కండరంలోకి, అది పలుచన చేయకుండా 50 శాతమే. ఒకే మందు, ఒకే గంట, రెండు రూట్లు, రెండు సాంద్రతలు. దీన్ని ఈ చార్టులో ఒక వరుసలో రాయడం అసాధ్యం. దీనికి అచ్చు షీటు వేరేగా వేయించుకోవడం మేలు. తర్వాతి డోసుకు ముందు మోకాలి జెర్క్ ఉందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదా, మూత్రం గంటకు 30 మి.లీ. తగ్గకుండా వస్తోందా అన్న మూడు గడులు, పక్కన విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం 10 మి.లీ. అన్న మాట ఆ షీటులోనే ఉండాలి.

టైముల గడులు

చార్టులో బీడీకి (రోజుకు రెండుసార్లు) 8-8, టీడీఎస్‌కు (మూడుసార్లు) 6-2-10, క్యూఐడీకి (నాలుగుసార్లు) 6-12-6-12 అని ముందే అచ్చువేశారు. చూడటానికి సౌకర్యమే. కానీ ఇక్కడి డ్యూటీలు ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8. బీడీ డోసులు రెండూ, టీడీఎస్‌లో మధ్యాహ్నం డోసూ సరిగ్గా హ్యాండోవర్ మీద పడుతున్నాయి. ‘వచ్చే సిస్టర్ ఇస్తుందిలే’ అని ఒకరు, ‘పోయే సిస్టర్ ఇచ్చే ఉంటుంది’ అని ఇంకొకరు. డోసు తప్పిపోవడం, లేదా రెండుసార్లు పడటం. సంతకం గడి చిటికెన వేలి గోరంత ఉంటే, ఇచ్చాక సంతకం తర్వాత పెడదామనుకోవడం కూడా తోడవుతుంది.

బీడీని 9-9కి, టీడీఎస్‌ను 5-1-9కి మార్చి అచ్చు వేయించండి. ఎనిమిది గంటల తేడా అలాగే ఉంటుంది, డోసు ఏ డ్యూటీదో గొడవ ఉండదు. పొద్దున్నే 5కి లేపడం పేషెంట్లకు నచ్చదు, నిజమే. యాంటీబయాటిక్స్‌కు తప్పదు, మిగతావాటికి డాక్టర్‌తో మాట్లాడి వేరే టైము పెట్టుకోవచ్చు. గంటలు 24 పద్ధతిలోనే ఉండాలి, 12-12 అంటే మధ్యాహ్నమా అర్ధరాత్రా అన్న ప్రశ్న పుట్టకుండా.

ఇచ్చిన అసలు టైము రాయడానికి చోటు లేకపోవడం ఇంకో కొరత. అచ్చు టైము పక్కన సంతకం మాత్రమే ఉంటే, 14:00 డోసు 15:20కి పడినా 14:00కే పడినట్టు కనపడుతుంది.

ఇక్కడ ఒక మంచిదాన్ని మెచ్చుకోవాలి. పేజీ అడుగున ‘ఇవ్వలేదు’ కోడ్లు ఉన్నాయి: పేషెంట్ వద్దన్నారు, ఎన్‌బీఎం (నోటితో ఏమీ ఇవ్వకూడదు), మందు దొరకలేదు, వాంతి, డాక్టర్ ఆపమన్నారు. ఖాళీ గడి బదులు కోడ్ వేయడం వల్ల తర్వాతి డ్యూటీకి సంగతి తెలుస్తుంది. చుట్టుపక్కల దొరికే అచ్చుల్లో ఇది అరుదు. ‘మందు దొరకలేదు’ కోడ్ పడితే ఎవరికి చెప్పారో పేరు రాయడానికి గీత ఒకటి కలిపితే ఇంకా బాగు.

ఎస్ఓఎస్, స్టాట్, ఫోన్ ఆర్డర్లు

మూడో పేజీలో ఎస్ఓఎస్ (అవసరమైతేనే ఇచ్చే) మందులకు గడులు ఉన్నాయి. దేనికి, ఎంత తేడాతో, 24 గంటల్లో గరిష్ఠంగా ఎంత అన్న మూడూ లేవు. ‘పారాసిటమాల్ 1 గ్రాము ఎస్ఓఎస్’ అంటే జ్వరానికా నొప్పికా? ఇదే మందు రెగ్యులర్ పేజీలో 100 మి.లీ. ఇన్‌ఫ్యూజన్‌గా టీడీఎస్ నడుస్తుంటే? పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాముల హద్దును లెక్కపెట్టేవాళ్లు ఉండరు, రెండు పేజీలు పక్కపక్కన చూస్తే తప్ప.

ఫోన్ ఆర్డర్‌కు ఒకే గీత ఇచ్చారు. కావాల్సినవి: డాక్టర్ పేరు, టైము, రాసుకున్న సిస్టర్ సంతకం, తిరిగి చదివి వినిపించినట్టు టిక్, విన్న రెండో సిస్టర్ సంతకం, 24 గంటల్లో డాక్టర్ సంతకం. తిరిగి చదివేటప్పుడు అంకెలను విడదీసి పలకాలి. ఫోన్లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినపడతాయి, కాబట్టి ‘ఒకటి, అయిదు’ అనాలి. డోపమైన్, డొబ్యుటమైన్ లాంటి జంటలుంటే దేనికోసమో కూడా అడగాలి. అడిగితే సార్ కోప్పడతారన్న భయం పోవాలంటే, అడగమని కాగితమే చెప్పాలి.

వెనక పేజీ

ఇదే అసలు పేచీ. వెనక పేజీలో ‘మెడికల్ అబ్రివియేషన్స్’ అని పెద్ద పట్టిక. ఎక్కడి పాఠ్యపుస్తకం నుంచో ఎత్తి పెట్టినట్టుంది. వాడకూడదని దశాబ్దాలుగా మొత్తుకుంటున్నవన్నీ అందులో దర్జాగా కూర్చున్నాయి: క్యూడీ, క్యూఓడీ (రోజు విడిచి రోజు), యూ, ఐయూ, సీసీ, ఎంఎస్, మెగ్నీషియం సల్ఫేట్ పొట్టి రూపం, డీ/సీ, చెవులకూ కళ్లకూ ఏడీ, ఏఎస్, ఓడీ, ఓఎస్. ఎవరైనా వద్దంటే ‘చార్ట్ వెనకే ఉంది కదా’ అంటారు. తప్పుకు అచ్చుతో అనుమతి ఇచ్చినట్టయింది.

క్యూడీ అంటే రోజుకొకసారి. క్యూ తోక కాస్త సాగి ఐ అక్షరమైతే క్యూఐడీ, నాలుగుసార్లు. సీసీ యూ అక్షరం లాగా కనపడుతుంది, మి.లీ. అని రాస్తే పోయేది. ఎంఎస్ అంటే మార్ఫిన్ సల్ఫేటా, మెగ్నీషియం సల్ఫేటా? డీ/సీ అంటే మందు ఆపమనా, పేషెంట్‌ను డిశ్చార్జ్ చేయమనా? ఓడీ సంగతి మరీ విచిత్రం. మన దేశంలో ఓడీ అంటే రోజుకొకసారి అని అందరికీ అలవాటు. పాత లాటిన్ లెక్కలో కుడి కన్ను. ఈ పట్టికలో రెండు అర్థాలూ రెండు వేర్వేరు వరుసల్లో ఉన్నాయి. కంటి చుక్కలకు ‘ఓడీ’ అని రాస్తే కుడి కంట్లోనా, రెండు కళ్లలో రోజుకొకసారా?

ఉండాల్సినవేమో లేవు. మన ఊళ్లల్లో రాసే పొట్టి రాతలు విదేశీ పట్టికల్లో దొరకవు. ఏఎస్‌టీ అంటే ఇక్కడ టెస్ట్ డోస్ చూశాక అని. లివర్ పరీక్షలో ఏఎస్‌టీ వేరు. ఏఎస్‌వీ, ఏఆర్‌వీ అన్నవి ఇంకా ప్రమాదం. ఒకటి పాము విషానికి విరుగుడు సీరం, రెండోది కుక్కకాటు వ్యాక్సిన్. తేడా మధ్యలో ఒక్క అక్షరమే. రూట్లకు పొంతనే లేదు. పాముకాటు సీరం పొడి వయల్స్‌ను ఒక్కోదాన్ని 10 మి.లీ.తో కరిగించి, మొదటి విడతగా పది వయల్స్ దాకా సెలైన్‌లో కలిపి సుమారు గంటలో నరంలోకి ఎక్కిస్తారు. పిల్లలకూ పెద్దలకూ డోసు ఒకటే, టెస్ట్ డోస్ చేయాల్సిన పని లేదు, అడ్రినలిన్ మాత్రం చేతికందేలా ఉండాలి. కుక్కకాటు వ్యాక్సిన్ చర్మంలోకి అయితే రెండు చోట్ల 0.1 మి.లీ. చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో. కండరంలోకి అయితే భుజానికి, చంటిపిల్లలకు తొడకు. పిరుదుకు ఎప్పుడూ కాదు. ములుగు, మహబూబాబాద్ వైపు రెండు కేసులూ ఒకే రాత్రి రావడం వింతేం కాదు. ఈ రెండింటినీ పొట్టిగా రాయకూడదని చార్ట్ మీదే ఉండాలి. ఏఆర్‌వీని హెచ్‌ఐవీ మందులకు కూడా వాడతారన్నది మూడో తలనొప్పి. టెస్ట్ డోస్ గడి విషయానికొస్తే, ఇచ్చిన టైము, చూసిన టైము, ఫలితం అని మూడు చిన్న గడులు చాలు.

‘1-0-1’ గురించి ఒక మాట. డిశ్చార్జ్ చీటీలో ఇది మంచి రాత. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎన్ని గోలీలో చదువు రాని అవ్వకు కూడా వేళ్ల మీద అర్థమవుతుంది. ఇన్‌పేషెంట్ చార్టులో మాత్రం డోసు ఎన్ని మి.గ్రా. అన్నది అందులో ఉండదు. మందు బ్రాండ్ మారి 5 బదులు 10 వస్తే గోలీల లెక్క సరిపోయి డోసు రెట్టింపవుతుంది. వెనక పేజీలో దీన్ని ఇంజెక్షన్లకు కూడా వాడొచ్చన్నట్టు ఉదాహరణ ఇచ్చారు. అది తీసేయించాలి.

ఆ పేజీ మొత్తం చెరిపేసి రెండు భాగాలు చేయించండి. పై సగంలో ‘ఇలా రాయకండి, ఇలా రాయండి’: రోజుకొకసారి, రోజు విడిచి రోజు, యూనిట్లు, మైక్రోగ్రాములు, మి.లీ., మార్ఫిన్, మెగ్నీషియం సల్ఫేట్, కుడి కన్ను, ఆపండి, డిశ్చార్జ్ అన్నీ పూర్తి మాటల్లో. కింది సగంలో సిస్టర్ల పేర్లు, పూర్తి సంతకం, పొట్టి సంతకం నమూనా. సంతకం ఎవరిదో నెల తర్వాత పోల్చుకోలేకపోవడం ఈ చార్టుకున్న ఇంకో రోగం. మందు పేర్లు జనరిక్‌లో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని అప్పటి మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2016లోనే నియమాల్లో చేర్చింది. ఆ వాక్యం మందు గడి పైన అచ్చువేస్తే డాక్టర్లతో వాదన అక్కర్లేదు.

కాగితం, అచ్చు, ఆర్డరు

కాగితం మందం 70 జీఎస్‌ఎమ్ అయితే జెల్ పెన్ సిరా అవతలికి దిగుతుంది, రెండు వైపులా రాసే చార్టుకు పనికిరాదు. 100 జీఎస్‌ఎమ్ మ్యాప్‌లితో రకం కాగితం అడగండి. గడుల మధ్య గీతలు లేత బూడిద రంగులో ఉండాలి. ఇప్పుడున్న ముదురు నల్ల గీతల్లో దశాంశ చుక్క, ఒకటి అంకె రెండూ కలిసిపోతున్నాయి. అడ్డగీత వల్ల 1 కనపడకుండా పోయినా, లేని 1 కనపడినా ఫలితం ఒక్కటే. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు. ఒక్క గీత కొట్టి, సంతకం, టైము పెట్టి కింద మళ్లీ రాయాలి. వైట్‌నర్ పని చేయకుండా చేయాలంటే గడుల వెనక లేత రంగు టింట్ వేయమంటే సరి, పూసిన చోటు తెల్లగా బయటపడుతుంది.

ప్రూఫ్ ఇచ్చినప్పుడు ఆఫీసు గదిలో కూర్చుని ఓకే చేయకండి. ఒక డాక్టర్‌తో అయిదు మందులు నింపించి, ఆ వార్డుకు సంబంధం లేని సిస్టరుతో రాత్రి డ్యూటీలో చదివించండి. ఎక్కడ ఆగిందో, ఎక్కడ అడిగిందో ఆ గడి మార్చాలి. ఎన్ఏబీహెచ్ నాణ్యత గుర్తింపుకు వెళ్లాలనుకునే హాస్పిటళ్లు హై రిస్క్ మందుల జాబితా, ఫోన్ ఆర్డర్ల పద్ధతి ఎలాగూ రాసిపెట్టుకోవాలి కాబట్టి, ఆ రెండింటినీ చార్ట్ అచ్చులోకే ఎక్కించేస్తే రెండు పనులు ఒకసారి అవుతాయి.

కొత్తవి వచ్చిన రోజున పాత చార్టులన్నీ వార్డుల నుంచి, క్యాజువాలిటీ సొరుగుల నుంచి, ఆపరేషన్ థియేటర్ బల్ల మీద నుంచి తీసేయించండి. మిగిలినవి ఎన్నో ఉన్నాయని కరిగేదాకా రెండూ వాడితే బీడీ ఒక వార్డులో 8కి, ఇంకో వార్డులో 9కి అవుతుంది, పేషెంట్ వార్డు మారిన రోజు డోసు తప్పుతుంది.